వెలుతురుతో వైద్యము

శ్రీకాకుళము చేరువనున్న అరసవల్లి దేవాలయమునకు రథసప్తమినాడు వచ్చు జనములో చర్మవ్యాధి నయము కావలెనని మ్రొక్కుకొన్నవారు అనేకులుందురు. ఆరోగ్యమును భాస్కరుని వద్దనే అడుగవలెనని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ భాస్కరుని వెలుతురే చర్మమున పుండు పుట్టింపగలదనియు, అట్టి పుండును మరల వెలుతురుతోనే మాన్పవచ్చుననియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మందును వెలుతురును జతచేసి చర్మపు క్యాన్సరును నయముచేయు ఈ పద్ధతిని గూర్చి నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచితిమి. అరకులోయ, పాడేరు, చింతపల్లి మొదలగు మన్యసీమలలో ఇది ఎవరికి పనికివచ్చును, ఎవరికి పనికిరాదు అనునదే మా ముఖ్యవిషయము.

వెలుతురు వైద్యమనగానే రోగిని ఎండలో కూర్చుండబెట్టుట అనియో, రేడియం, ఎక్స్‌రే కిరణముల వంటి దానితో కాల్చుట అనియో శ్రోతలు భావింతురేమో. ఇది ఆ రెండును కాదు. ఇందు వాడునది కంటికి కనిపించు మామూలు వెలుతురే. ఆరోగ్యవంతమైన చేతిపై పడినచో వెచ్చదనము తప్ప వేరేమియు తెలియదు. ఈ వైద్యమునకు మూడు వస్తువులు ఒక్కచోట కూడవలెను: మందు, వెలుతురు, ప్రాణవాయువు. చీకటిలో మందు నిరపాయము. మందు లేనిచోట ఆ వెలుతురు నిరపాయము. రెండును ఒకే కణములో కలిసినపుడు మందు వెలుతురునందలి శక్తిని గ్రహించి ప్రక్కనున్న ప్రాణవాయువునకు అందించును. ఆ శక్తితో రెచ్చిన ప్రాణవాయువు కణపు పొరలను చీల్చి కణమును చంపును. రెచ్చిన ఆ వాయువు సెకనులో లక్షవ వంతుకైనను నిలువదు. పుట్టినచోటనే దాని పని ముగియును గనుక, మందు చేరని ఇరుగుపొరుగు కణములకు హాని తక్కువ.

దీని కథ జర్మనీలోని మ్యూనిక్ నగరమున మొదలైనది. 1897-98 చలికాలమున ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి, హెర్మన్ ఫాన్ టాపైనర్ అను ఆచార్యుని వద్ద పనిచేయుచు, ఆక్రిడిన్ అను రంగు పదార్థము నీటిలోని పారమీసియం అను సూక్ష్మజీవులను ఎంతసేపటిలో చంపునో లెక్కించుచుండెను. పాళ్లు ఒక్కటే, జీవులు ఒక్కటే. అయినను ఒకనాడు అవి త్వరగా చచ్చును, మరియొకనాడు గంటల తరబడి బ్రదికియుండును. లెక్క కుదరని ప్రయోగమును పారవేయుట సులభము. రాబ్ అట్లు చేయక, ఆ రెండు దినములకును గల భేదమేమని ఆలోచించెను. ఒకనాడు ఉరుముల మబ్బు క్రమ్మి గది చీకటిగా నుండినదని అతనికి తోచెను. చంపునది రంగు కాదు, వెలుతురు కాదు, వాని కలయిక అని 1900 సంవత్సరమున అతడు ప్రకటించెను. 1903లో టాపైనర్, యెసియోనెక్ అను వైద్యునితో కలిసి, ఇయోసిన్ అను ఎర్ర రంగును చర్మపు క్యాన్సరుపై పూసి వెలుతురు ప్రసరింపజేసెను. డెన్మార్కు దేశపు నీల్స్ ఫిన్సెన్ కేవలము వెలుతురుతో చర్మక్షయను నయముచేసినందులకు నోబెల్ బహుమతి పొందినదియు ఆ 1903లోనే. ఫిన్సెన్ పేరు లోకమంతయు తెలిసినది. రాబ్ పేరు వైద్యులలోనే చాలమందికి తెలియదు.

1912లో ఫ్రెడరిక్ మేయర్-బెట్జ్ అను మరియొక జర్మను వైద్యుడు రక్తము నుండి తీసిన హెమటోపోర్ఫిరిన్ అను పదార్థమును 200 మిల్లీగ్రాములు తన నరములోనికే ఎక్కించుకొని ఎండలోనికి వెళ్లెను. ముఖము, చేతులు గుర్తు పట్టరానంతగా వాచెను. మందు ఒంటిలో నున్నంతకాలము ఎండయే విషమగునని ఆ సాహసము తెలిపినది. అటు తరువాత ఈ విద్య చాల ఏండ్లు మూలబడినది. 1960 ప్రాంతమున అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ లిప్సన్ దీనిని పైకి తీసెను. బఫెలో నగరమునందలి రోస్‌వెల్ పార్క్ సంస్థలో థామస్ డౌహర్టీ, 25 మంది రోగుల ఒంటిపై గల 113 క్యాన్సరు గడ్డలకు ఈ చికిత్స చేసి, వానిలో 111 పూర్తిగానో కొంతవరకో కరగినవని 1978లో ప్రకటించెను. 1993లో కెనడా ప్రభుత్వము ఈ జాతి మందును తొలిసారిగా అంగీకరించెను.

అయితే నరమున ఎక్కించు ఆ మందు వాడిన రోగి నెల, నెలన్నరపాటు ఎండ కన్నెరుగక ఇంట దాగియుండవలెను. నగరమున కొలువుచేయువానికి అది కష్టము. పోడుభూమిలో సామలు, చోళ్లు పండించుకొని బ్రదుకువానికి అది రెండవ వ్యాధితో సమానము. ఈ చిక్కు 1990లో తీరినది. కెనడాలోని కింగ్‌స్టన్ నగరమున కెనడీ, పాటియర్ అను శాస్త్రజ్ఞులు మందును నరములోనికి కాక పుండుపైననే పూయు ఉపాయము కనుగొనిరి. దాని పేరు అమైనోలెవులినిక్ ఆమ్లము. ఇది రంగు పదార్థము కాదు. రంగు పదార్థమునకు ముడిసరుకు. ప్రతి కణమును ఈ ముడిసరుకు నుండియే క్రమక్రమముగా రక్తపు ఎరుపును తయారుచేసికొనును. చెట్టు కూడ ఈ ముడిసరుకు నుండియే ఆకు పచ్చదనమును తయారుచేసికొనును. అనంతగిరిలో సిల్వర్ ఓక్ నీడన పెరుగు కాఫీ ఆకు పచ్చదనమునకును, ఆ కాఫీ పండ్లు కోయు గిరిజన స్త్రీ రక్తపు ఎరుపునకును పుట్టిల్లు ఒక్కటే అన్నమాట. లేపముగా పూసినపుడు క్యాన్సరు కణములు ఈ ముడిసరుకును ఆత్రముగా మ్రింగి, దానిని పోర్ఫిరిన్‌గా మార్చి, ఆపై పని ముగింపలేక ఆ పోర్ఫిరిన్‌ను లోపల నిలువచేసికొనును. వెలుతురు పడగానే ఆ నిలువయే వానికి చితి యగును.

చికిత్స జరుగు తీరు ఇట్లుండును. పుండుపై పొక్కును గీకి తీసి లేపము పూసి మూడు గంటలు కప్పియుంచుదురు. ఆపై సుమారు 630 నానోమీటర్ల ఎర్రని వెలుతురును పది నిమిషములవరకు ప్రసరింపజేయుదురు. వారము తరువాత మరియొకమారు. కోత లేదు, కుట్లు లేవు, మత్తుమందు అక్కరలేదు. మానిన తరువాత మచ్చ అంతగా కనబడదు. ముఖముపై, ముక్కు ప్రక్కన వచ్చు పుండ్లకు ఇది గొప్ప లాభము. నొప్పి మాత్రము కలదు. వెలుతురు పడునపుడు నిప్పు తగిలినట్లు మండును. నొప్పిలేని వైద్యమని చెప్పు ప్రకటనలను నమ్మవలదని మా సలహా.

గుణమెంత? చర్మపు క్యాన్సరులలో పాశ్చాత్యదేశములందు మిక్కిలి సాధారణమైనది బేసల్ కణముల క్యాన్సరు. అది మెల్లగా ప్రాకును, దూరపు అవయవములకు పోవుట అరుదు. అందులో పైపైన వ్యాపించు రకమునకు మూడు చికిత్సలను పోల్చుచు నెదర్లాండ్స్ దేశమున 601 మంది రోగులపై ఒక పరీక్ష జరిగినది. అయిదేండ్ల పిదప వ్రణము లేకుండ నున్నవారు ఇమిక్విమోడ్ అను లేపము వాడినవారిలో నూటికి 80 మంది, ఫ్లూరోయురాసిల్ లేపము వాడినవారిలో 70 మంది, వెలుతురు వైద్యము పొందినవారిలో 63 మంది అని 2018లో తేలినది. లోతుగా గడ్డకట్టిన రకమునకు వెలుతురు వైద్యము చేసినచో అయిదేండ్లలో నూటికి 14 తిరిగి వచ్చెననియు, కత్తితో తీసినచో 4 మాత్రమే తిరిగి వచ్చెననియు 2007లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష తెలుపుచున్నది. కావున ఇది కత్తిని ఓడించిన వైద్యము కాదు. ఇంటివద్దనే పూసికొనదగు లేపములు యంత్రపు దీపముకంటె ఎక్కువ గుణమిచ్చునపుడు, దీపమునకై వంద కిలోమీటర్లు కొండ దిగవలసిన సీమకు ఏది తగునో శ్రోతలే ఊహింపగలరు. ఆ లేపములను కూడ వైద్యుడు రోగమును నిర్ధారించి ఇచ్చినపుడే వాడవలెను.

ఇచ్చట బావంచాలను గూర్చి ఒక మాట. బొల్లి మచ్చలకు బావంచాల గింజలను లోనికిచ్చియు, నూరి పూసియు, రోగిని ఎండలో నుంచుట మన దేశమున ప్రాచీనమైన వైద్యము. సంస్కృత వైద్యగ్రంథములలో దీనిని బాకుచి అందురు. మందును వెలుతురును జతచేయుట మనకు క్రొత్త కాదన్నమాట. నైలునదీ తీరమున ఈజిప్టువారు అమ్మీ అను మొక్కతో ఇట్టి వైద్యమే చేయుచుండిరి. దాని సారమును 1940 తరువాతి సంవత్సరములలో కైరోకు చెందిన ఎల్ మొఫ్తీ బొల్లికి పరీక్షించెను. 1974లో అమెరికా వైద్యులు ఆ సారమునకు అతినీలలోహిత కిరణములను జతచేసి సోరియాసిస్‌కు వాడిరి. చర్మమున పుట్టు ఒక జాతి లింఫ్ క్యాన్సరుకు కూడ తరువాత అది పనికివచ్చినది. ఇంతవరకు గర్వింపదగినదే. కాని బావంచాల సారము పనిచేయు త్రోవ వేరు. అది వెలుతురు సోకగానే కణపు కేంద్రమునకు, అనగా వంశలక్షణములు దాగియుండు చోటికి, అతుకుకొనును. అందుచే ఆ చికిత్సను ఏండ్ల తరబడి పొందిన తెల్లజాతివారిలో చర్మపు క్యాన్సరు హెచ్చినదని తేలినది. కావున ఎవరైనను వెలుతురు వైద్యమని విని, పుండుపై బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చున్నచో బొబ్బలే మిగులును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మన్యమున చర్మపు క్యాన్సరు ఎవరికి వచ్చును? ఆస్ట్రేలియాలో 70 ఏండ్లు నిండునప్పటికి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మపు క్యాన్సరు కనబడునని అక్కడి వైద్యులు చెప్పుదురు. మన దేశమున అది చాల స్వల్పము. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది గనుక అతినీలలోహిత కిరణములు విశాఖ తీరముకంటె రమారమి పదవ వంతు హెచ్చు. అయినను బగతలు, కొండదొరలు, గదబలు, పోర్జాలు, వాల్మీకులు మొదలగువారి నల్లని మేనిచాయయే వారికి గొడుగు. వెండితెర తారల తెలుపును జూచి తమ నలుపునకు చిన్నబుచ్చుకొను యువతులకు ఈ సంగతి ఎవరైనను చెప్పిన బాగుండును.

నల్లని చర్మమునకు అపాయము ఎండనుండి కాదు, మానని మచ్చనుండి. లంబసింగిని ఆంధ్రదేశపు కాశ్మీరమని ముచ్చటగా చెప్పుకొందురు. అసలు కాశ్మీరములో చలికి కాంగ్రి అను నిప్పుల కుండను అంగరఖా లోపల పొట్టకు ఆనించుకొందురు; ఏండ్ల తరబడి ఆ సెగ తగిలినచోట క్యాన్సరు పుట్టునని 1866లోనే ఎల్మ్‌స్లీ అను వైద్యుడు వ్రాసెను. మన మన్యమున కాంగ్రి లేదు. నెగడు కలదు. పుష్య మాఘములలో రాత్రి తెల్లవార్లు నెగడు ప్రక్కన పండుకొనుట, నిదురలో కాలు నిప్పులో పడుట, మూర్ఛరోగియైన బాలుడు పొయ్యిపై కూలుట కొండ ఇండ్లలో వినని సంగతులు కావు. కాలినచోట చర్మము బిగుసుకొని పలుచబడి, కీలు మడిచినపుడెల్ల చిట్లును, మానును, మరల చిట్లును. ఇట్లు సగటున ముప్పది ఏండ్లు గడచిన పిదప ఆ మచ్చలో క్యాన్సరు తలయెత్తవచ్చును. 1828లో ఇట్టి పుండ్లను వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ పేర వానిని పిలుచుచున్నారు. కుష్ఠువ్యాధి వలన స్పర్శ కోల్పోయిన పాదమున ఏండ్ల తరబడి మానని పుండులోను ఇదే జరుగవచ్చును. ఇవి బేసల్ జాతివి కావు, పొలుసుకణముల క్యాన్సరు. గజ్జలలోని బిళ్లలకు ప్రాకును. ప్రాణాపాయము కలదు.

వీనికి వెలుతురు వైద్యము పనికిరాదు. లేపము పూసి చేయు చికిత్స చర్మములోనికి రెండు మిల్లీమీటర్ల లోతువరకే నమ్మదగినది. ముప్పది ఏండ్ల మచ్చ క్రింద క్యాన్సరు ఎంతలోతున నున్నదో పైనుండి తెలియదు. పై పొర మాడి మానినట్లు కనబడి, లోపల రోగము పెరుగుచుండుట అన్నిటికంటె చెడ్డది. ఏలన, మానినదని రోగి సంతోషించి ఇంటికి పోవును, తిరిగి రాడు. ఇట్టి పుండును చుట్టునున్న మంచి చర్మముతో కూడ కత్తితో తీయవలసినదే. ఆలస్యమైనచో కాలినే తీయవలసి వచ్చును.

కాలు పోవుటకును, అరచేతి వెడల్పు చర్మము పోవుటకును నడుమ నున్నది కొన్ని నెలల కాలము మాత్రమే. అందుచే ఏ పుండును అనుమానింపవలెనో చెప్పుట ముఖ్యము. పాత కాలిన మచ్చలో ఆరు వారములకును మానని క్రొత్త పుండు. అంచులు గట్టిపడి పైకి లేచిన పుండు. కాలీఫ్లవర్ పువ్వువలె మాంసము పెరిగినది. ముట్టగనే రక్తము కారునది. మునుపు లేని దుర్వాసన గలది. గజ్జలోనో చంకలోనో బిళ్లకట్టినది. వీనిలో ఏది కనబడినను చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. మొదట అరకు, పాడేరు ఆసుపత్రులలో చూపినచో అక్కడివారు విశాఖపట్నమునకు, 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికో పంపుదురు. అరకునుండి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. రైలును కలదు. రహదారి లేని గూడెమునుండి రహదారి వరకు డోలీలో మోయు ఆ మొదటి కొన్ని మైళ్లే కష్టమైనవి.

కట్టుకట్టువారికి ఒక మనవి. ఒకే పుండునకు నెలల తరబడి కట్టు మార్చుచు, ముక్క పరీక్షకు పంపకుండుట వైద్యము కాదు. అట్లే కొందరు ఇట్టి పుండ్లను కాల్చిన ఇనుముతోనో నల్లజీడి రసముతోనో మాడ్చి మాన్పజూతురు. నల్లజీడి మంచిచర్మమునే బొబ్బలెక్కించునది. క్యాన్సరుపై అది క్రొత్త మచ్చను చేర్చుటకే పనికివచ్చును. దిసారిని నిందించుట మా అభిప్రాయము కాదు. గూడెములో ఎవరి కాలిపై ఏ పుండు ఎన్నాళ్లుగా నున్నదో అతనికి తెలిసినట్లు పట్టణపు వైద్యునికి తెలియదు. ఆశా కార్యకర్త దిసారితో స్నేహముగానుండి, ఆ పుండ్ల జాబితా అతని నోటనే రాబట్టినచో సగము పని అయినట్లే.

చర్మము కాకున్నను చర్మమువంటిదే యగు నోటిలోపలి పొరను గూర్చియు చెప్పక తప్పదు. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములలో స్త్రీలు చుట్టను త్రిప్పి, నిప్పుకొనను నోటిలోపల నుంచి కాల్చు అడ్డచుట్ట అలవాటు లోకమున బహు అరుదైనది. దానివలన అంగిటిలో క్యాన్సరు పుట్టుచున్నదని 1957లో రెడ్డి, రావు అను వైద్యులు ప్రకటించిరి. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి ఆ మార్పులను వర్ణించిరి. అంగిటిపై తెల్లని మందపు పొర మాత్రమే ఏర్పడిన దశలో వెలుతురు వైద్యమును కొన్ని దేశములలో పరీక్షించినారు. కాని చికిత్స చేసిన మరునాడే నిప్పు మరల నోట చేరినచో ఏ వెలుతురు ఏమి చేయగలదు?

వెలుతురు వైద్యము మన్యమున నిజముగా అక్కరకు వచ్చువారు ఒకరున్నారు. ఏ జాతిలోనైనను అప్పుడప్పుడు పుట్టుకతోనే మేనిరంగు లేని పిల్లలు పుట్టుచుందురు. వెంట్రుకలు, రెప్పలు కూడ తెల్లగానుండును. వెలుతురును చూడలేక కండ్లు చికిలించుచుందురు. ఇది శాపము కాదు, అంటువ్యాధి కాదు; నల్లని గొడుగు లేకుండ పుట్టుట, అంతే. పొలము, అడవి, సంత అని దినమంతయు ఆరుబయట నుండు బ్రదుకులో వీరి ముఖము, చెవులు, మెడ, ముంజేతులు యౌవనముననే గరుకు పొక్కులు కట్టును. అవి క్యాన్సరుకు తొలిమెట్టు. ఆ దశలో అవి పలుచనివి, పైపైవి, ఒకేచోట అనేకములు. కత్తికి అందనివి, లేపమునకును వెలుతురునకును అందునవి. ఐరోపాలో ఇట్టి పొక్కులకు యంత్రపు దీపము కూడ లేకుండ, లేపము పూసి అరగంటలోపల రెండు గంటలపాటు పగటి వెలుతురులో ఉంచు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. మిగిలిన చర్మమునకు ఎండను ఆపు పూత ముందుగా పూయుదురు. మంట తక్కువ. వాన, మితిమీరిన చలి లేనిదినము చూచుకొనవలెను. అరకులో అట్టి దినములకు కొరత లేదు. ఆ లేపమునకే కొరత. పెద్ద నగరములందలి కొలది ఆసుపత్రులలో తప్ప అది వాడుకలో లేదు, వెల హెచ్చు. విశాఖకు తెప్పించి, చర్మవైద్యుడు నెలకొకమారు కొండకు వచ్చినచో, ఒక్క పగటిపూట పలువురికి చికిత్స చేయవచ్చును.

అంతవరకు అట్టి పిల్లలకు చేయవలసినది తక్కువ ఖర్చుతో కూడినదే. నిండు చేతుల చొక్కా, మెడను కప్పు తువాలు వేయవలెను. బడిలో నల్లబల్లకు దగ్గరగా, కిటికీకి దూరముగా కూర్చుండబెట్టవలెను. ఆరునెలలకొకమారు చెవుల వెనుక, పెదవులపై పొక్కులేమైన కలవేమో చూడవలెను. వానాకాలపు నాట్లలో తలపై వేసికొను ఆకుల గిడుగు ఏ ఇంటనైనను చూరున వ్రేలాడుచునే యుండును. వానలు వెలిసినవని దానిని చూరున ఎక్కింపక, ఫాల్గుణము నుండి జ్యేష్ఠము వరకు ఉదయము తొమ్మిది గంటలకే ఆ పిల్లవాని తలపై వేసి పంపవలెను.